బోరింగులో పోసిన తొలి చెంబు నీళ్లు

ఈసారి పోస్టు కాస్త పొడుగు. ఆదివారం తీరిగ్గా, కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. ఇందులో కొంత చరిత్ర ఉంది, కొంత మన సంఘం గొడవ ఉంది, చివర్లో ఒక క్షమాపణ కూడా ఉంది. క్షమాపణ ఒక్కటే చదివి వెళ్లిపోదామనుకుంటే మాత్రం అది ఎందుకో అర్థం కాదు. అందుకని మొదటినుంచీ చెప్పుకొస్తాం.

గొడవ మీకు తెలిసిందే. మన మంచినీళ్ల ప్లాంటుకి ఆటోమేటిక్ కంట్రోల్ బోర్డు పెట్టించాం కదా. ట్యాంకు నిండితే మోటారు ఆగాలి, నీళ్లు తగ్గితే మళ్లీ ఎక్కాలి, మనిషి ముట్టుకోనక్కర్లేదు అన్నారు. కొన్నాళ్లు బాగానే నడిచింది. వానాకాలం వచ్చి కరెంటు ఆటలాడటం మొదలుపెట్టాక, తెల్లారేసరికి బోర్డు బిగుసుకుపోయి ఉండేది. దీపం వెలుగుతూనే ఉంటుంది, మోటారు మాత్రం తిరగదు. టిన్నులు పట్టుకొచ్చిన ఆడవాళ్లు కాసేపు నిలబడి, తిట్టుకుంటూ వెనక్కి వెళ్లేవారు.

బోర్డు అమ్మినవాళ్లని అడిగితే "మీ ఆపరేటర్‌కి వాడటం రావట్లేదండి" అన్నారు. ఒకసారి బోర్డు మార్చారు. మళ్లీ అదే తంతు. కమిటీ మీటింగులో అందరం కలిసి ప్లాంటు చూసుకునే పెద్దాయన మీద పడ్డాం. స్విచ్చులు ఎడాపెడా నొక్కేస్తున్నాడన్నాం. చదువులేనివాడికి మిషను అప్పజెప్తే ఇంతే అన్న మాట కూడా పడింది. ఆయన "నేనేం చెయ్యలేదండీ" అని ఊరుకున్నారు. ఇంకో కంపెనీ బోర్డు కొందామని, దానికోసం పిల్లల ఫీజుల నిధిలోంచి తీద్దామని తీర్మానం దాకా వెళ్లాం.

సంక్రాంతికి మన వీధి కుర్రాడొకడు హైదరాబాదు నుంచి వచ్చాడు. మిషన్ల లోపల ఉండే చిన్న చిన్న కంప్యూటర్లకి ప్రోగ్రాం రాసే ఉద్యోగం. ప్లాంటు దగ్గరకి వెళ్లి బోర్డు విప్పలేదు, మీటరు పెట్టలేదు. పెద్దాయన్ని ఒక్క మాట అడిగాడు. "బాబాయ్, కరెంటు ఎంతసేపు పోతే ఇలా అవుతోంది?"

ఆయన ఆలోచించకుండా చెప్పారు. "గంటసేపు పోతే ఏం కాదు బాబూ. ఇలా పోయి అలా వస్తేనే బిగుసుకుపోద్ది."

కుర్రాడు నవ్వి, "అయితే తప్పు నీది కాదు బాబాయ్. ఈ బోర్డుకి నిద్ర లేవడం సరిగ్గా నేర్పలేదు" అన్నాడు.

ఆ మాట పట్టుకుని మేము నెల రోజులు చదివాం, వాణ్ణి ఫోన్లో విసిగించాం. మిషను నిద్ర లేవడం అనే దానికి ఎంత చరిత్ర ఉందో, అందులో మన గోదావరి వాళ్ల పాత్ర ఎంతుందో తెలిశాక, మీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాం.

ముందు మాట సంగతి. కంప్యూటర్ మేలుకోవడాన్ని ఇంగ్లీషువాళ్లు బూటింగ్ అంటారు. బూటు వెనక ఉండే పట్టీని పట్టుకుని తనని తానే పైకి లేపుకోవడం అన్న అసాధ్యమైన పని మీంచి వచ్చిన మాట. మన ఊరికి దగ్గరి మాట ఫ్రెంచివాళ్ల దగ్గర ఉంది. వాళ్లు దీన్ని అమోర్సాజ్ అంటారు. పంపుకి తొలి నీళ్లు పోయడానికి కూడా అదే మాట. ఫ్రెంచి చదువుకున్న మన పెద్దవాళ్లకి ఇది కొత్త కాదు. ఎండాకాలంలో ఆరిపోయిన బోరింగు ఎంత కొట్టినా గాలే వస్తుంది. పైనుంచి ఒక చెంబు నీళ్లు పోస్తే లోపలి తోలు తడిసి, పట్టు దొరికి, అప్పుడు భూమిలోంచి నీళ్లు లేస్తాయి. నీళ్లు తోడటానికి ముందు కాసిని నీళ్లు కావాలి. కంప్యూటర్ కష్టం కూడా సరిగ్గా ఇదే. ప్రోగ్రాంని మెమరీలోకి ఎక్కించాలంటే, ఎక్కించే ప్రోగ్రాం ఒకటి అప్పటికే మెమరీలో ఉండాలి. మరి ఆ మొదటిదాన్ని ఎవరు ఎక్కిస్తారు?

తొలి రోజుల్లో మనిషే ఎక్కించేవాడు. 1965లో అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ పీడీపీ-8 అనే చిన్న కంప్యూటర్ తెచ్చింది. చిన్నది అంటే ఆ రోజుల లెక్కన, బీరువా అంత. దాని ముందు భాగంలో వరసగా స్విచ్చులు. ఒక్కో ఆజ్ఞకి 12 బిట్లు, అంటే 12 స్విచ్చులు. పైకి అంటే 1, కిందికి అంటే 0. ఆపరేటర్ కాగితం చూసుకుంటూ స్విచ్చులు పెట్టి, ఇంకో మీట నొక్కి ఆ ఆజ్ఞని మెమరీలో ఒక గడిలో దాచేవాడు. ఇలా ఒకటిన్నర డజను దాకా ఆజ్ఞలు వేలితో వెయ్యాలి. ఆ కాసిని ఆజ్ఞలకి తెలిసిన పని ఒక్కటే, కాగితం టేపు మీది చిల్లులు చదవడం. అవి ఇంకాస్త పెద్ద లోడర్‌ని టేపు మీంచి చదివేవి. ఆ లోడర్ అసలు ప్రోగ్రాంని చదివేది. చెంబు నీళ్లతో బిందె, బిందెతో తొట్టి. ఒక్క స్విచ్చు తప్పుగా పెడితే మొదటికి రావాల్సిందే. ఆ పని చేసినవాళ్లలో చాలామందికి ఆ అంకెలు కాగితం చూడకుండానే వచ్చేసేవట.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1955లో కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి ఇంగ్లండు నుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. మన దేశంలో అడుగుపెట్టిన మొదటిది అదే. బొంబాయిలో టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సొంతంగా ఒకటి కట్టి 1960లో నడిపించారు. 1962లో నెహ్రూ గారు దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టారు. అదే ఏడాది ఆగస్టు 16న ఫ్రాన్సు పార్లమెంటు ఆమోదం పొందిన ఒప్పందం అమల్లోకి వచ్చి మన యానాం కాగితాల మీద కూడా భారతదేశం అయింది. కాలం గుర్తుండాలని చెప్తున్నాం.

అక్కణ్ణించి కథలోకి మన గోదావరి మనిషి వస్తారు. అయ్యగారి సాంబశివరావు గారు. లోకం ఆయన్ని ఏ.ఎస్. రావు గారంటుంది. 1914లో పశ్చిమ గోదావరి మోగల్లులో పుట్టారు. భీమవరం పక్క ఊరు, మనలో చాలామందికి అటువైపు చుట్టరికాలు ఉన్నాయి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, టాటా స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌కి వెళ్లి ఇంజనీరింగ్ చేసి వచ్చారు. హోమీ భాభా గారి దగ్గర చేరారు. 1956లో ట్రాంబేలో మన తొలి అణు రియాక్టర్ అప్సర మొదలైనప్పుడు దాని ఎలక్ట్రానిక్ కంట్రోళ్ల పని ఆయన బృందానిదే. రియాక్టర్ కంట్రోళ్లు అంటే ఆషామాషీ కాదు. బిగుసుకుపోతే "పోన్లే, ఆపి మళ్లీ వేద్దాం" అనుకునే మిషను కాదది.

1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే మనందరికీ తెలిసిన ఈసీఐఎల్ మొదలైంది. దాని వెనకున్న మనిషి, దాని తొలి సారథి రావు గారు. మన పిల్లలు హాస్టళ్లలో ఉండే ఏ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదదే. ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ బస్సెక్కే పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు వెనక గోదావరి ఉందని తెలుసో మరి. పెద్దవాళ్లకైతే ఈసీ టీవీ గుర్తుంటుంది. వీధిలో ఒక్కళ్లింట్లో ఉండేది, అందరం అక్కడే చేరేవాళ్లం. ఆ టీవీ కూడా ఈ సంస్థదే.

టీవీ కంటే ముందు అక్కడ కంప్యూటర్ ఉంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టీడీసీ-12, 1969లో వచ్చింది. టీ అంటే ట్రాంబే, డీసీ అంటే డిజిటల్ కంప్యూటర్, 12 అంటే ఆ 12 బిట్లే. 12 బిట్లతో లెక్కపెట్టగలిగేది 4096 గళ్లు. ఈ రోజు మన ఫోనులో పంపుకునే ఒక్క గుడ్ మార్నింగ్ ఫొటో పట్టదు అందులో. దాని తయారీని ఈసీఐఎల్ చేపట్టింది. తర్వాత టీడీసీ-312, 1970ల నడుమ 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. హైదరాబాదు అంటే సాఫ్ట్‌వేరు అని ఇప్పుడు అంటున్నాం. హైటెక్ సిటీ మొదటి భవనం 1998లో వచ్చింది. అంతకు మూడు దశాబ్దాల ముందే ఊరికి ఇంకో కొసన, కుషాయిగూడ వైపు, కంప్యూటర్‌ని మొదటి వైరు నుంచి కట్టినవాళ్లు ఉన్నారు.

1969 గొప్ప ఏడాదండి. అదే ఏడాది అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ గార్లు యూనిక్స్ మొదలుపెట్టారు. ఈ రోజు మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్న లైనక్స్ ఆ చెట్టు నీడన మొలిచిందే. అదే ఏడాది జూలైలో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు. దించిన కంప్యూటర్ గురించి ఒక్క మాట చెప్పాలి. దాని ప్రోగ్రాంని సన్నటి రాగి తీగల్ని అయస్కాంతపు పూసల్లోంచి దూర్చి అల్లారు. పూసలోంచి తీగ వెళితే 1, పక్కనుంచి వెళితే 0. అల్లింది కంపెనీలో పనిచేసే ఆడవాళ్లు. ఉప్పాడ మగ్గం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. నేసిన పువ్వు కరెంటు పోతే చెరిగిపోదు కదా. ఇక్కడా అంతే. దిగేటప్పుడు పని ఎక్కువై ఆ కంప్యూటర్ 1202 అని హెచ్చరిక చూపించింది. కుప్పకూలలేదు. చేతిలో ఉన్నదంతా ఒక్కసారి దులిపేసుకుని, మళ్లీ మొదలై, అత్యవసరమైన పనుల్ని మాత్రం వదిలినచోట అందుకుంది. అలా మళ్లీ లేచేలా ముందే రాసిపెట్టారు. లేవడం తెలిసిన మిషను కాబట్టే దిగగలిగారు.

ఆ తర్వాత కంప్యూటర్ గోరంత చిప్పులోకి వచ్చింది. ఇంటెల్ వాళ్లవి 1974లో 8080, 1976లో 8085, 1978లో 8086, 1980లో 8051. మన పాలిటెక్నిక్ పిల్లలు ఇప్పటికీ ల్యాబులో వీటి మీదే చేతులు కాల్చుకుంటారు. స్విచ్చులు పోయాయి. వాటి బదులు కరెంటు పోయినా చెరిగిపోని మెమరీలో తొలి ఆజ్ఞలు రాసిపెట్టడం వచ్చింది. చెంబు నీళ్లు బోరింగులోనే ఎప్పుడూ దాచి ఉంచడం అన్నమాట. చిప్పుకి పుట్టుకతో తెలిసిన విషయం ఒక్కటే, లేవగానే ఏ గడి దగ్గరకి వెళ్లాలో. 8085, 8051 సున్నా నంబరు గడికి వెళతాయి. 8086 మాత్రం తనకున్న 10,48,576 గళ్లలో చివరి 16 గళ్లు మొదలయ్యే చోటికి వెళుతుంది. ఆ కాస్త చోటులో ఏం పెడతాం? "అసలు పని ఫలానా చోట ఉంది, అక్కడికి పో" అన్న బోర్డు పెడతాం. ఇప్పుడు చిన్న పరికరాల్లో ఎక్కువగా వాడే ఆర్మ్ కార్టెక్స్-ఎం చిప్పులైతే మొదటి గడిలో స్టాక్ ఎక్కడుందో, రెండో గడిలో తొలి ప్రోగ్రాం ఎక్కడుందో చదువుకుని బయల్దేరతాయి.

ఇక్కడే మన కథకి ముఖ్యమైన సంగతి. అక్కణ్ణించి అసలు ఆపరేటింగ్ సిస్టం గుండె, దాన్నే కెర్నల్ అంటారు, పని మొదలుపెట్టే లోపు కొన్ని వందల ఆజ్ఞలు నడుస్తాయి. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతాయి. వాటిని స్టార్టప్ కోడ్ అంటారు. మేము దాన్ని మిషనుకి సుప్రభాతం అనుకుంటున్నాం. కుర్రాడు మాకు చెప్పిన వరస ఇది.

మొదట కరెంటు నిలకడగా వచ్చేదాకా చిప్పుని కదలనివ్వకూడదు. వోల్టేజీ సగంలో ఉన్నప్పుడు లేచిన చిప్పు జ్వరంలో లేచిన మనిషి లాంటిది, ఒకటి చెప్తే ఒకటి చేస్తుంది. రెండు, తలుపులన్నీ మూసెయ్యాలి. ఇల్లు సర్దుకోకముందే చుట్టాలొచ్చి బెల్లు కొడితే ఎలాగుంటుంది? అందుకని ఇంటరప్టులని ఆపి ఉంచుతారు. మూడు, గడియారం సరిచెయ్యాలి. చిప్పు లోపలి పనంతా ఒక టిక్కు లెక్క మీద నడుస్తుంది. ఆ టిక్కు కుదురుకునేదాకా ఆగాలి. నాలుగు, స్టాక్‌కి చోటు చూపించాలి. ఒక పని మధ్యలో ఇంకో పనికి వెళ్లినప్పుడు, ఎక్కడ వదిలామో గుర్తు రాసుకునే చోటు అది. అది లేకపోతే వెళ్లడమే గానీ తిరిగి రావడం ఉండదు.

అయిదోది గుర్తుపెట్టుకోండి. మెమరీని శుభ్రం చెయ్యాలి. ఫలానా విలువతో మొదలవ్వాలి అన్న గళ్లలో ఆ విలువలు నింపాలి. మిగతా గళ్లన్నింటినీ సున్నా చెయ్యాలి. ఆరు, ఏ బెల్లు మోగితే ఏ గదిలోకి పరిగెత్తాలో ఆ పట్టిక పెట్టాలి. పెద్ద చిప్పులైతే మెమరీ కంట్రోలర్లు, పేజీ పట్టికలు అంటూ ఇంకా ఉంటాయి. ఇవన్నీ అయ్యాక కెర్నల్ లోకి దూకుతుంది. కెర్నల్ పనుల జాబితా రాసుకుని, టైమర్ పెట్టుకుని, మొదటి పనికి పగ్గాలిస్తుంది. ఆ దూకిన చోటునుంచి వెనక్కి రావడం ఉండదు. పెళ్లిలో ముహూర్తం వేళకి అందరూ పెళ్లికొడుకునే చూస్తారు. తెల్లవారుజామున లేచి పందిరి రాటలు సరిచూసినవాణ్ణి ఎవరూ చూడరు. స్టార్టప్ కోడ్ రాసినవాడి బతుకు అదే.

టేబుల్ మీద కంప్యూటర్ అయితే ఫర్వాలేదు, బిగుసుకుంటే మనం ఆపి వేస్తాం. ఎవరూ చూడని చోట ఉండే మిషన్ల సంగతి ఏమిటి? 1984 ఆగస్టులో మన దేశం సీ-డాట్ పెట్టింది. పల్లెటూళ్లకి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి చెయ్యడం దాని పని. ఏసీ గదులు లేకుండా, ఎండలో దుమ్ములో నడిచే 128 లైన్ల ఎక్స్‌ఛేంజి చేశారు. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. పల్లెలో ఇంజనీరు ఉండడు. కరెంటు పోయి వస్తే తనంతట తానే లేచి, ఊరికి ఫోను ఇవ్వాలి. అమెరికావాళ్లు 1997 జూలైలో అంగారకుడి మీద పాత్‌ఫైండర్‌ని దించారు. కొద్ది రోజులకి దాని కంప్యూటర్ దానంతటదే రీసెట్ అవ్వడం మొదలైంది. పనుల ప్రాధాన్యంలో ఒక చిక్కు. ముఖ్యమైన పని సమయానికి అవ్వకపోతే, కాపలా గడియారం మొత్తాన్ని మళ్లీ మొదటినుంచి లేపేది. చిక్కు తెలుసుకుని భూమ్మీంచే మార్పు పంపి సరిచేశారు. లేచిన ప్రతిసారీ శుభ్రంగా లేచింది కాబట్టే అన్ని కోట్ల మైళ్ల దూరంలో ఉన్నదాన్ని బాగుచెయ్యడానికి వ్యవధి దొరికింది.

మన చేతి కింద నడిచిన మిషను ఒకటి ఉంది, ఓటింగ్ యంత్రం. ఎన్నికల సంఘం 1977లో ఆలోచన చేసి పని ఈసీఐఎల్‌కి అప్పజెప్పింది. 1979కి నమూనా తయారైంది. 1982 మే నెలలో కేరళలోని పరూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో వాడారు. చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీం కోర్టు అంది. తర్వాత చట్టం మార్చారు. ఈసీఐఎల్, బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ రెండూ తయారు చేశాయి. 2001లో తమిళనాడు, కేరళ, పశ్చిమ బెంగాల్, మన పుదుచ్చేరి అసెంబ్లీ ఎన్నికలన్నీ పూర్తిగా ఈ యంత్రాల మీదే జరిగాయి. దేశమంతా 2004 లోక్‌సభకి నొక్కింది, మన యానాం అంతకు మూడేళ్ల ముందే నొక్కింది. ఆ యంత్రం మీద దేశంలో ఉన్న వాదనల జోలికి మేము పోవట్లేదు, అది వేరే సంగతి. మన కథకి కావలసింది ఒక్కటే. దాని బ్యాటరీ తీసేసినా పడిన ఓట్లు చెరిగిపోవు. అంటే లేచేటప్పుడు ఏది తుడవాలో, ఏది ముట్టుకోకూడదో ఆ యంత్రానికి ముందే చెప్పి ఉండాలి. అన్నీ తుడిచేస్తే ఓట్లు పోతాయి. ఏదీ తుడవకపోతే పాత చెత్తతో లేస్తుంది.

మళ్లీ మన ప్లాంటుకి వచ్చాం చూశారా!

కరెంటు పోగానే మెమరీ ఖాళీ అయిపోతుందని మనం అనుకుంటాం. వెంటనే అవ్వదు. బోర్డు మీది కెపాసిటర్లలో మిగిలిన కొద్దిపాటి కరెంటుతో కొన్ని సెకన్లు పాత రాత అలాగే ఉంటుంది, సగం చెరిగి సగం మిగిలి కూడా ఉంటుంది. గంట తర్వాత కరెంటు వస్తే చిప్పు కొత్తగా లేస్తుంది. ఇలా పోయి అలా వస్తే పాత రాత మీదే లేస్తుంది. అప్పుడు అయిదో పని, ఆ శుభ్రం చెయ్యడం, సరిగ్గా రాసి ఉండకపోతే "ట్యాంకు నిండింది, మోటారు ఆపు" అన్న నిన్నటి మాటనో, అర్థంపర్థంలేని అంకెనో పట్టుకుని కూర్చుంటుంది. దీపం వెలుగుతుంది, మోటారు తిరగదు. వోల్టేజీ పూర్తిగా రాకముందే లేవకుండా ఆపే ఏర్పాటు కూడా ఆ బోర్డులో సరిగ్గా లేనట్టే ఉందని కుర్రాడి అంచనా.

లోపలి ప్రోగ్రాం మన చేతిలో లేదు. మరేం చెయ్యాలి? మన ఎలక్ట్రీషియన్ చేత బోర్డుకి ముందు ఒక డిలే టైమరు పెట్టించాడు. ఫ్రిజ్ స్టెబిలైజర్లలో ఉంటుంది చూడండి, అలాంటిదే. కరెంటు వచ్చినా మూడు నిమిషాలు ఆగి బోర్డుకి ఇస్తుంది. అంటే కరెంటు ఒక్క సెకను పోయినా బోర్డు మూడు నిమిషాలు ఆరిపోయే ఉంటుంది. పాత రాత చెరిగిపోతుంది. వోల్టేజీ ఈలోపు కుదురుకుంటుంది. పండగ వెళ్లినప్పటి నుంచి ఈ పూట దాకా బోర్డు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. అయిన ఖర్చు కొత్త బోర్డు ధరలో పదో వంతు కూడా లేదు. ఫీజుల నిధి ఉన్నచోటే ఉంది.

ఇప్పుడు క్షమాపణ. జబ్బు పట్టింది కుర్రాడే గానీ దానికి కావలసిన ఆధారం ఇచ్చింది పెద్దాయన. రోజూ ఆ బోర్డు పక్కన కూర్చుని, ఎప్పుడు ఆగుతోందో ఎప్పుడు ఆగట్లేదో గమనించింది ఆయనొక్కరే. మనం ఆయన్ని తిట్టాం గానీ ఒక్కరం ఒక్క ప్రశ్న అడగలేదు. పైగా చదువు లేదన్నాం. ఆ మీటింగులో మాట తూలినవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకని ఇక్కడ అందరి ముందూ అడుగుతున్నాం. బాబాయ్, తప్పయిపోయింది, మన్నించండి. మొన్న ప్లాంటు దగ్గర ఇదే మాట చెప్తే ఆయన "పోనీలెండి, నీళ్లొస్తున్నాయి కదా" అన్నారు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. మాకు ఇంకా బరువుగానే ఉంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాం. మన పిల్లలు సాఫ్ట్‌వేరులో లేరా అంటే ఉన్నారు, ఇంటికొకరు ఉన్నారు. అందరూ పై అంతస్తుల్లో ఉన్నారు. పునాది దగ్గర, ఆ తొలి చెంబు నీళ్ల దగ్గర పని తెలిసినవాళ్లు తక్కువ. ఒకప్పుడు అలా లేదు. మోగల్లు కుర్రాడు రియాక్టర్ కంట్రోళ్ల నుంచి కంప్యూటర్ దాకా అన్నీ మొదటినుంచి కట్టించాడు. తర్వాత కాలం మారింది. 1978 తర్వాత మినీ కంప్యూటర్లలోకి ప్రైవేటు కంపెనీలు వచ్చాయి, 1984 విధానంతో దిగుమతులు సులువయ్యాయి, బయటినుంచి తయారు చిప్పులు వచ్చిపడ్డాయి. కంప్యూటర్ చవకైంది, అది మంచిదే. మొదటినుంచి కట్టే అలవాటు మాత్రం సన్నబడింది. ఇప్పుడిప్పుడే మళ్లీ చిగురిస్తోంది. చెన్నైలో ఐఐటీ మద్రాసువాళ్లు శక్తి అనే ప్రాసెసర్ చేశారు. 2018లో ఆ చిప్పు మీద లైనక్స్ లేచింది. కొత్త చిప్పు మీద కెర్నల్ లేచింది అంటే దాని కింద ఎవరో కూర్చుని సుప్రభాతం మొత్తం ఒక్కో అక్షరం రాశారన్నమాట.

అందుకని ఒక ప్రతిపాదన. వచ్చే వేసవి సెలవుల్లో మన సంఘం హాల్లో పది రోజులు పిల్లలకి చిన్న తరగతి పెడదాం. కుర్రాడు శని, ఆదివారాలు వస్తానన్నాడు. కొన్ని వందల రూపాయల్లో దొరికే చిన్న బోర్డులు చాలు. ఖాళీ చిప్పుని లేపి ఒక్క దీపం వెలిగించడం నేర్పుతాడు. ఫీజుల నిధిని ముట్టుకోనక్కర్లేదు, విడిగా చందా వేసుకుందాం. మొదటి రోజు దీపం వెలగదు, రెండో రోజూ వెలగకపోవచ్చు. ఏ ఆజ్ఞ తప్పిందో వెతుక్కుంటారు. ఆ వెతుక్కోవడమే చదువు.

మొదటి రోజు మొదటి పాఠం మాత్రం ప్లాంటు దగ్గర పెట్టమని అడుగుదామనుకుంటున్నాం. మిషను ఎప్పుడు ఎలా ఆగుతుందో గమనించడం ఎలాగో బాబాయ్ చేతే చెప్పిద్దాం. ఒప్పుకుంటారో లేదో చూడాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ సంగతి ఎజెండాలో పెట్టమని కార్యదర్శి గారికి చెప్పాం. తప్పకుండా రండి. అభ్యంతరాలు ఉన్నవాళ్లు ముందుగా రండి.